రాకెట్టు ఎదుట కంచరగాడిదల బండి

1969 జూలై 15. ఫ్లోరిడా తీరంలోని కేప్ కెనెడీ వద్ద సన్నని తుంపర పడుతోంది. మరునాటి ఉదయం ముగ్గురు మనుషులను చంద్రుడి వైపు మోసుకుపోవలసిన శాటర్న్-5 రాకెట్టు, 110 మీటర్ల ఎత్తున, వేదిక మీద సిద్ధంగా నిలబడి ఉంది. దాన్ని చూడడానికి ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన జనంతో దారులు కిక్కిరిసిపోయాయి. ఆ సందడికి దూరంగా, గేటు బయటి ఒక ఖాళీ మైదానంలోకి మరొక బృందం వచ్చింది. అధికభాగం నల్లజాతి నిరుపేదలు, అందులో తల్లులు, పిల్లలు. వారి వెంట కంచరగాడిదలు లాగే బండి. ముందు నడుస్తున్నది రెవరెండ్ రాల్ఫ్ అబర్నేతీ. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైన తరువాత ఆయన ఉద్యమ బాధ్యతను భుజాన వేసుకున్నవాడు. వారిని కలుసుకోవడానికి నాసా అధినేత థామస్ పెయిన్ స్వయంగా ఆ తడి నేల మీదికి వచ్చాడు.

అబర్నేతీ చెప్పింది సూటిగా చెప్పాడు. ఈ దేశ జనాభాలో ఐదో వంతుకు చాలినంత తిండి, బట్ట, నీడ, వైద్యం లేవు. ఈ యాత్రకు పోస్తున్న డబ్బు ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడానికీ, రోగులను చూసుకోవడానికీ వాడవలసింది. ఆ తరువాత మూడు కోరికలు అడిగాడు. తన వెంట వచ్చిన కుటుంబాలలో కొన్నింటిని రేపటి ప్రయోగం చూడనివ్వాలి. పేదరికంపై పోరాటానికి నాసా మద్దతు పలకాలి. నాసా ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు తమ నైపుణ్యాన్ని ఆకలి సమస్య మీదికి మళ్లించాలి. పెయిన్ జవాబు కూడా దాటవేత కాదు. రేపు ఆ మీట నొక్కకుండా ఉంటే పేదరికం తీరిపోతుందనుకుంటే తాము నొక్కబోమని అన్నాడు. మనుషుల మధ్య ఉన్న ఆ కష్టమైన సమస్యలతో పోలిస్తే చంద్రుడి మీదికి పోవడం పిల్లల ఆటేనని ఒప్పుకున్నాడు. మీ బండిని మా రాకెట్టుకు కట్టుకోండి అన్నాడు. మరునాటి ప్రయోగాన్ని చూడడానికి ఆ బృందంలో కొందరికి చోటు ఇప్పించాడు. విడిపోయే ముందు అబర్నేతీ ఆ ముగ్గురు వ్యోమగాముల క్షేమం కోసం ప్రార్థన చేశాడు.

ఈ సంఘటన అమెరికా చరిత్రకారుల పుస్తకాలలో తరచుగా కనిపిస్తుంది. కాని జనం జ్ఞాపకంలో అది ఒక మొరటు బొమ్మగా మిగిలింది. ఒకవైపు నక్షత్రాలను చూసేవాడు, మరొకవైపు కంచం చూపించేవాడు. ఒకడు భవిష్యత్తు, మరొకడు అడ్డంకి. అబర్నేతీ అడిగిన మూడో కోరికను ఈ బొమ్మ పూర్తిగా చెరిపేసింది. ఆయన రాకెట్టు ఆపమని మాత్రమే అనలేదు. రాకెట్టు కట్టిన చేతులు తమకూ కావాలన్నాడు. అంతరిక్ష యాత్రల ఖర్చు మీద గత అరవై ఏళ్లుగా సాగుతున్న వాదమంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది: దేశానికి ఉన్నది ఒకే డబ్బు సంచి, రాకెట్టుకు తీస్తే రొట్టెకు తగ్గుతుంది, రాకెట్టుకు ఆపితే రొట్టెకు మిగులుతుంది. ఈ ఊహను ఇరుపక్షాలూ నమ్మాయి. చరిత్ర మాత్రం అలా నడవలేదు.

వాదం మొదటి నుంచీ నిజాయితీ తక్కువతోనే పుట్టింది. 1961 ఏప్రిల్ 12న గగారిన్ భూమిని చుట్టివచ్చాడు. ఐదు రోజులకు క్యూబా తీరంలో, బే ఆఫ్ పిగ్స్ వద్ద, అమెరికా పరువు పోయింది. మే 25న కెనెడీ కాంగ్రెసు ముందు నిలబడి, ఈ దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రుడి మీద దింపి క్షేమంగా తిరిగి తెస్తామన్నాడు. జాన్ లాగ్స్‌డన్ తన జీవితకాలమంతా ఈ నిర్ణయం మీదే పరిశోధన చేశాడు. ఆయన పుస్తకాలు చదివినవారికి ఇందులో కవిత్వం ఎంత తక్కువో, రాజకీయ గణితం ఎంత ఎక్కువో అర్థమవుతుంది. 1962 నవంబర్ 21న శ్వేతసౌధంలో జరిగిన ఒక సమావేశం రికార్డింగు 2001లో బయటికి వచ్చింది. అందులో నాసా అధినేత జేమ్స్ వెబ్, చంద్రయాత్ర ఒక్కటే కాదు, మొత్తం అంతరిక్ష విజ్ఞానంలోనే మనం ముందుండాలని వాదిస్తాడు. కెనెడీ విసుగ్గా, తనకు అంతరిక్షం మీద అంత ఆసక్తి లేదనీ, రష్యన్లను ఓడించడమే అసలు పని అనీ అంటాడు. అదే కెనెడీ 1963 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్య సమితిలో, రష్యాతో కలిసి చంద్రుడి మీదికి పోదామని ప్రతిపాదించాడు. ఖర్చు అప్పటికే ఆయనను భయపెడుతోంది. ముందటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కైతే మొహమాటమే లేదు. జాతి ప్రతిష్ఠ కోసం చంద్రుడి మీదికి పోటీలో 4,000 కోట్ల డాలర్లు పోసేవాడికి మతి చలించినట్లేనని బహిరంగంగానే అన్నాడు.

శాస్త్రవేత్తలే తొలి విమర్శకులు కావడం ఇందులో ఆసక్తికరమైన విషయం. 1962లో గణితవేత్త వారెన్ వీవర్ ఒక పత్రికా వ్యాసంలో, చంద్రయాత్రకు అవుతుందనుకుంటున్న 3,000 కోట్ల డాలర్లతో ఇంకా ఏమేమి కొనవచ్చో కిరాణా చీటీలా రాశాడు. దేశంలోని ప్రతి ఉపాధ్యాయుడికీ పదేళ్ల పాటు పది శాతం జీతం పెంచవచ్చు. రెండు వందల చిన్న కళాశాలలకు తలా కోటి డాలర్లు ఇవ్వవచ్చు. యాభై వేల మంది కొత్త శాస్త్రవేత్తలకూ ఇంజినీర్లకూ ఏడేళ్ల పాటు ఉపకార వేతనాలు ఇవ్వవచ్చు. పది కొత్త వైద్య కళాశాలలకు ఒక్కొక్కదానికి 20 కోట్ల డాలర్లు సమకూర్చవచ్చు. ఐక్యరాజ్య సమితి స్థాపన తరువాత అందులో చేరిన 53 దేశాలలోనూ వైద్య, ఇంజినీరింగు, వ్యవసాయ శాఖలతో విశ్వవిద్యాలయాలు కట్టవచ్చు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వంటివి మరో మూడు స్థాపించవచ్చు. ఇంత చేశాక కూడా, సామాన్యులకు సైన్సు వివరించి చెప్పడానికి పది కోట్లు మిగులుతాయి.

ఇంత అందమైన చీటీ మరొకటి ఈ వాదంలో కనిపించదు. లెక్క తప్పులేదు, కూడితే సరిగ్గా 3,000 కోట్లు వస్తుంది. తప్పల్లా, ఆ చీటీ పట్టుకొని ఏ అంగడికి వెళ్లాలో వీవర్ చెప్పకపోవడంలో ఉంది. 1962 నాటి కాంగ్రెసులో 53 కొత్త దేశాలకు విశ్వవిద్యాలయాలు కట్టించే ఓటు ఎవరి దగ్గరా లేదు. రష్యా భయం చూపితే వచ్చే డబ్బు ఉపాధ్యాయుల జీతాల పేరు చెబితే రాదు. ‘సైన్స్’ పత్రిక సంపాదకుడు ఫిలిప్ ఏబెల్సన్ మరుసటి ఏడాది మనుషులు లేని యంత్రాలతో చాలా తక్కువ ఖర్చులో ఎక్కువ విజ్ఞానం వస్తుందని వాదించాడు. ఇది ఈనాటికీ బలమైన వాదమే. 1964లో సామాజిక శాస్త్రవేత్త అమితాయ్ ఎట్జియోని ‘ది మూన్-డాగుల్’ అనే ఎకసక్కెపు పేరుతో పుస్తకమే రాశాడు. మేధావుల శ్రమ అంతా చంద్రుడి వైపు ఇంకిపోతే ఇంటి సమస్యలకు బుర్రలు ఎక్కడ దొరుకుతాయన్నది ఆయన దిగులు. పుస్తకం నేడు చదివితే కొంత పాతబడినట్లుంటుంది. ఆ దిగులు మాత్రం పాతబడలేదు.

ఇక్కడే ఒకే సంచి సిద్ధాంతానికి మొదటి చిల్లు పడుతుంది. నాసా ఖర్చు శిఖరానికి చేరింది 1966లో. ఆ ఏడాది సమాఖ్య ప్రభుత్వ వ్యయంలో 4.4 శాతం దానిదే. అంత వాటా అంతకు ముందూ లేదు, ఆ తరువాతా రాలేదు. సరిగ్గా ఆ శిఖరం పక్కనే, 1965లో, అదే కాంగ్రెసు ఏం చేసిందో చూడాలి. జూలై 30న వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ చట్టమయ్యాయి. ఆగస్టు 6న నల్లజాతివారికి ఓటు హక్కును కాపాడే చట్టం వచ్చింది. అక్టోబర్ 3న వలస చట్టం మారింది. జాతి మూలాన్ని బట్టి వీసాలు పంచే పద్ధతి పోయింది. మెడికేర్ వల్ల ఆసుపత్రులలో పెరిగిన పడకలకూ, వలస చట్టం తెరిచిన వాకిలికీ మధ్య గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాద్, కర్నూలు, వరంగల్ వైద్య కళాశాలల నుంచి బయలుదేరిన ఒక తరం తెలుగు వైద్యుల జీవితకథలు ఉన్నాయి. చంద్రుడికీ పేదరోగికీ మధ్య ఒకరినే ఎంచుకోవలసిన నిర్బంధం అప్పటి కాంగ్రెసుకు కలగలేదు. రెండింటికీ చేయెత్తింది. ఆర్థిక వ్యవస్థ పెరుగుతోంది. దేశానికి తనమీద తనకు నమ్మకం ఉంది. వియత్నాం యుద్ధం ఆ రెండింటినీ ఒక్కటొక్కటిగా తినేసింది.

ప్రజాభిప్రాయం ఎన్నడూ ఇప్పుడు అనుకుంటున్నంత ఉత్సాహంగా లేదు. అరవైల దశకమంతా జరిగిన సర్వేలలో, చంద్రయాత్ర ఆ ఖర్చుకు తగినదేనన్నవారు సగానికి మించింది దాదాపుగా ఒక్కసారే: 1969లో, మనిషి దిగిన వేడిలో. మిగతా కాలమంతా ప్రభుత్వం ఖర్చు తగ్గించాలంటే ఎక్కడ తగ్గించాలని అడిగితే, ముందుగా అంతరిక్షం వైపే వేలు చూపేవారు. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ తగలబడింది. 1967 వేసవిలో న్యూవర్క్, డెట్రాయిట్ తగలబడ్డాయి. ఆ ఏడాది జనవరిలో అపోలో-1 అగ్నిప్రమాదంలో ముగ్గురు వ్యోమగాములు నేల మీదే చనిపోయారు. ఆగస్టులో మార్టిన్ లూథర్ కింగ్ అట్లాంటా ప్రసంగంలో యుద్ధానికి పోస్తున్న డబ్బునూ చంద్రుడికి పోస్తున్న డబ్బునూ పక్కపక్కన పెట్టి, అంత చేయగలిగిన దేశం దేవుడి బిడ్డలను వారి కాళ్ల మీద నిలబెట్టలేదా అని అడిగాడు. జాగ్రత్తగా వింటే ఇది ఆపమనే మాట కాదు. చేయగలరని ఋజువు చేసుకున్నారు కదా, ఇక చేయకపోవడానికి సాకు ఏమిటనే మాట.

అదే 1967లో మిసిసిపీ డెల్టాకు కొందరు వైద్యులు వెళ్లారు. ఫీల్డ్ ఫౌండేషన్ పంపిన బృందం అది. మనోవైద్యుడు రాబర్ట్ కోల్స్, రేమండ్ వీలర్ అందులో ఉన్నారు. గుడిసె గుడిసెకూ తిరిగి పిల్లలను పరీక్షించారు. రక్తహీనత, మానని పుళ్లు, పరాన్నజీవులు, పోషకాహార లోపంతో ఎదుగుదల ఆగిపోయిన శరీరాలు: బీద దేశాలలో ఉంటాయని పాఠ్యగ్రంథాలు చెప్పే లక్షణాలు, చంద్రుడి మీదికి పోబోతున్న దేశంలో. తిరిగి వచ్చి సెనేట్ ఉపసంఘం ముందు చూసింది చూసినట్లు చెప్పారు. మిసిసిపీ సెనేటర్లకు కోపం వచ్చింది. 1968లో సీబీఎస్ టెలివిజన్ ‘హంగర్ ఇన్ అమెరికా’ ప్రసారం చేసింది. అదే వేసవిలో అబర్నేతీ నాయకత్వాన వేలాది పేదలు వాషింగ్టన్ నడిబొడ్డున, వానలో, బురదలో, ప్లైవుడ్ గుడారాలు వేసుకొని కూర్చున్నారు. సెనేట్‌లో జార్జ్ మెక్‌గవర్న్ అధ్యక్షతన పోషకాహారంపై ప్రత్యేక సంఘం ఏర్పడింది. వీటన్నిటి ఒత్తిడి మీద, నిక్సన్ కాలంలోనే, ఫుడ్ స్టాంపుల పథకం పలురెట్లు విస్తరించింది. ఆ విస్తరణకు డబ్బు అపోలో పద్దు నుంచి రాలేదు. వైద్యుల నివేదిక, టీవీ తెర, బురదలోని గుడారాలు, సెనేట్ విచారణలు కలిసి ఆ డబ్బును పుట్టించాయి. ఆకలి తీర్చడానికి కావలసిన డబ్బు, ఆకలి గురించి పోరాడితేనే వచ్చింది.

ఇక మరోవైపు, అపోలో పద్దులో కోసిన డబ్బు ఎటు పోయింది? కోత నిజానికి చంద్రుడి మీద దిగకముందే మొదలైంది. 1968 వేసవిలోనే వెబ్ శాటర్న్-5 రాకెట్ల తయారీని పదిహేనుకు పరిమితం చేశాడు. అరవైల మధ్యలో నాసాకూ దాని కాంట్రాక్టర్లకూ కలిపి నాలుగు లక్షల మంది దాకా పనిచేసేవారు. 1970 నాటికి సగానికి పైగా పోయారు. 1969 సెప్టెంబర్‌లో ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ అధ్యక్షతన ఒక సంఘం ఎనభైలలో అంగారకుడి మీదికి మనిషి, భూమి చుట్టూ పెద్ద స్థావరం అంటూ ఒక భారీ పథకం సమర్పించింది. నిక్సన్ 1970 మార్చిలో చల్లగా చెప్పాడు: అంతరిక్షం ఇకమీద మిగతా జాతీయ ప్రాధాన్యాల వరుసలో తన వంతు కోసం నిలబడాలి. అపోలో-20 అప్పటికే రద్దయింది. సెప్టెంబర్‌లో మరో రెండు యాత్రలు రద్దయ్యాయి. ఆ నెలలోనే పెయిన్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఎగరడానికి కట్టిన రాకెట్టు ఒకటి ఇప్పటికీ హ్యూస్టన్‌లో ప్రదర్శనకు పడుకోబెట్టి ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

16, 17 యాత్రలను కూడా కొట్టివేయాలన్నది నిక్సన్ ఆలోచన. 1971 ఆగస్టులో బడ్జెట్ కార్యాలయ ఉపాధికారి కాస్పర్ వైన్‌బర్గర్ ఆయనకు ఒక లేఖ రాశాడు. ఆ లేఖ చదవదగినది. పొదుపు పేరెత్తితే కత్తెర తీసే మనిషి, ఇక్కడ కోత వద్దన్నాడు. అంతరిక్షాన్ని కోస్తున్నది అది అనవసరమని కాదు, కోయడానికి అది సులువుగా దొరుకుతుంది కాబట్టి. ఇక్కడ కూడా ఆపేస్తే మన మంచిరోజులు అయిపోయాయని మనమే ఒప్పుకున్నట్లు, అన్నాడు. నిక్సన్ దాని మీద తన సమ్మతిని చేత్తో రాశాడు. 1972 డిసెంబర్‌లో అపోలో-17 వెళ్లివచ్చింది. భూవిజ్ఞాన శాస్త్రవేత్త చంద్రుడి నేల మీద నడిచింది ఆ ఒక్కసారే, ఆ చివరిసారే.

1973 జనవరిలో, రెండోసారి ప్రమాణ స్వీకారం చేసిన నిక్సన్, పేదరికంపై యుద్ధానికి జాన్సన్ స్థాపించిన కార్యాలయాన్ని విప్పేయడానికి పూనుకున్నాడు. అంటే చంద్రుడికి కత్తెర పడ్డ చేతితోనే పేదలకూ పడింది. అమెరికాలో దారిద్ర్య రేఖ కింద ఉన్నవారు 1959లో 22.4 శాతం; 1973లో 11.1 శాతం. అపోలోకు డబ్బు ధారాళంగా పారిన దశాబ్దంలోనే పేదరికం సగానికి పడిపోయింది. అపోలో ఆగిపోయాక ఆ తగ్గుదల కూడా ఆగిపోయింది. ఒకటి రెండోదానికి కారణమని ఎవరూ అనరు, అనకూడదు. రెండూ ఒకే వాతావరణంలో పెరిగి, ఒకే వాతావరణంలో ఎండాయి.

ఈ కాలంలోనే ఈ వాదంలో అత్యంత ప్రసిద్ధమైన పత్రం పుట్టింది. 1970లో జాంబియాలో ఆకలి పిల్లల మధ్య పనిచేస్తున్న సిస్టర్ మేరీ జుకుండా అనే సన్యాసిని, నాసా శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ స్టూలింగర్‌కు ఉత్తరం రాసింది: పిల్లలు చస్తూ ఉంటే అంగారకుడి గురించి ఎలా ఆలోచించగలుగుతున్నారని. ఆయన మే 6న దీర్ఘమైన, మర్యాద నిండిన జవాబు రాశాడు. అందులో ఒక కథ. నాలుగు వందల ఏళ్ల క్రితం జర్మనీలో ఒక దయగల ప్రభువు, తన ఊళ్లో ప్లేగు వేధిస్తున్నా, అద్దాలు అరగదీసి చిన్న వస్తువులను పెద్దవిగా చూపే ఒక విచిత్రుడిని ఇంట్లో పెట్టుకొని పోషించాడు. జనం తిట్టారు. కాని ఆ అద్దాల నుంచే సూక్ష్మదర్శిని వచ్చింది. ప్రభువు అదే డబ్బు రోగులకు పంచి ఉంటే చేసే మేలుకంటే అది ఎక్కువ మేలు చేసింది. ఉత్తరంతో పాటు, అపోలో-8 వ్యోమగాములు 1968 డిసెంబర్‌లో తీసిన, చంద్రుడి అంచు మీద భూమి ఉదయిస్తున్న ఫొటో కూడా పంపాడు.

ఉత్తరం మంచిది. రాసిన చేతిలో నిజమైన ఆర్ద్రత ఉంది. ఒకటి ఆపితే డబ్బు దానంతటదే ఆకలి దగ్గరికి నడిచిపోదని ఆయన గుర్తించాడు కూడా. అయినా ఆ కథను వైద్యచరిత్ర తెలిసినవారు తలూపి ఊరుకోలేరు. లేవెన్‌హుక్ అద్దంలో సూక్ష్మజీవులు కనబడింది 1670లలో. ప్లేగు క్రిమిని యెర్సిన్ హాంకాంగ్‌లో పట్టుకున్నది 1894లో. దాన్ని చంపే మందులు చేతికి వచ్చింది 1940లలో: మొదట స్ట్రెప్టోమైసిన్, వెంటనే టెట్రాసైక్లిన్ జాతికి ఆదిగా నిలిచిన ఆరియోమైసిన్. ఈ రెండోది లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణలో బయటపడింది. అద్దానికీ మందుకూ మధ్య సుమారు మూడున్నర శతాబ్దాలు. ఈ మధ్య యూరప్‌లో ప్లేగు తగ్గిపోయింది. తగ్గించినవాటిలో అద్దం లేదు, ఓడలను రేవు బయట ఆపిన కాపలా ఉంది. ప్రభువు ఊళ్లో ఆ ఏడాది చచ్చిపోయినవారికి అద్దం ఏమీ చేయలేదు. కథ అబద్ధం కాదు గాని, అది అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. సన్యాసిని అడిగింది ఈ ఏటి పిల్లల గురించి. స్టూలింగర్ చెప్పింది రాబోయే పిల్లల గురించి. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఫాన్ బ్రౌన్‌తో కలిసి వీ-2 రాకెట్ల మీద పనిచేసి అమెరికాకు వచ్చిన జర్మనులలో ఆయన ఒకడు. ఆ రాకెట్ల తయారీలో బానిస శ్రమకు వేలమంది బలయ్యారు. విజ్ఞానానికి ఎవరు మూల్యం చెల్లిస్తారన్న ప్రశ్న ఆయన కథలోని ప్రభువుకంటే ఆయనకే దగ్గరగా ఉంది. ఉత్తరంలో అది లేదు.

అబర్నేతీ మూడో కోరికకు కొంతవరకైనా జవాబు వచ్చింది వాషింగ్టన్ నుంచే, కాని అమెరికా పేదలకు కాదు. తుంపరలో జరిగిన ఆ కలయికకు రెండు నెలల తరువాత, 1969 సెప్టెంబర్‌లో, అదే థామస్ పెయిన్ విక్రమ్ సారాభాయ్‌తో ఒక ఒప్పందం మీద సంతకం చేశాడు. నాసా తన ఉపగ్రహం ఒకదాన్ని ఏడాది పాటు భారతదేశానికి వాడుకోనిస్తుంది. దాని ద్వారా పల్లెలకు నేరుగా టెలివిజన్ పాఠాలు అందుతాయి. చంద్రుడి మీదికో గ్రహాల మీదికో పోవడంలో సంపన్న దేశాలతో పోటీ పడే భ్రమ మనకు లేదనీ, సమాజపు నిజమైన సమస్యలకు ఉన్నత సాంకేతికతను వాడడంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదనీ సారాభాయ్ పదే పదే చెప్పేవాడు. తన పథకం ఫలించడం చూడకుండానే 1971 డిసెంబర్ 30న కన్నుమూశాడు.

1975 ఆగస్టు 1న ‘సైట్’ మొదలైంది. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలు. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల గొడుగు, ఒక టీవీ పెట్టె, దాని చుట్టూ సాయంకాలం ఊరు ఊరంతా. సేద్యం, బిడ్డల ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, బడి పిల్లలకు సైన్సు. అది ఎమర్జెన్సీ కాలం కూడా. తెర మీద ప్రభుత్వ భజన తక్కువేమీ కాదు. 1976 జూలై 31తో గడువు ముగిసింది. ఉపగ్రహం అమెరికా వైపు తిరిగి జరిగిపోయింది. కొన్నిచోట్ల నేలమీది ట్రాన్స్‌మిటర్లతో కొనసాగించినా, చాలా ఊళ్లలో తెర నల్లబడింది. అప్పు తెచ్చుకున్న ఆకాశం అంతకాలమే ఉంటుంది. సొంత ఉపగ్రహం ఇన్సాట్-1బి పనిలోకి వచ్చేసరికి 1983 అయింది.

ఆ ఖర్చుకు తెలుగు నేల మీద ఒక లెక్క ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో, అధికారిక లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది చనిపోయారు. సముద్రం ఏం తెస్తున్నదో ఊళ్లకు తెలియలేదు. 1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుపాను అదే కృష్ణా తీరాన్ని తాకింది. చనిపోయినవారు వెయ్యికి లోపు. ఈ తేడా అంతా ఇన్సాట్ ఫొటోలదే అనడం అన్యాయం: మచిలీపట్నం రాడారు, తుపాను ఆశ్రయ భవనాలు, రోడ్లు, లక్షల మందిని ఊళ్లు ఖాళీ చేయించిన రెవెన్యూ ఉద్యోగులు, దివిసీమ భయాన్ని మరచిపోని జనం, అందరి భాగమూ ఉంది. కాని ముందుగా చూసిన కన్ను ఆకాశంలో ఉంది. స్టూలింగర్ కథలోని అద్దం మూడున్నర శతాబ్దాలు తీసుకున్న పనిని ఇక్కడ ఏడేళ్లలో చేసింది. ఎందుకంటే ఆ అద్దాన్ని మొదటి నుంచీ రోగి మంచం వైపు తిప్పి పట్టుకున్నారు.

ఈ లెక్కలో కుడి ఎడమల రెండు వైపులా రాయాలి. రాకెట్ల కోసం ఎంచుకున్న శ్రీహరికోట ఖాళీ దీవి కాదు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఆ అడవిలో యానాదులు తరతరాలుగా బతికారు. ఆ నేల మీది వేరూ, ఆకూ, చేపా వారికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. దేశం కోసం వారిని అక్కడి నుంచి తరలించారు. తూర్పు తీరాన్ని కాపాడిన కన్ను ఎగరడానికి చోటిచ్చినవారికి ఆ చోటు మిగల్లేదు. భారత అంతరిక్ష చరిత్రలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటిపోతాయి. కొన్ని ఆ వాక్యం కూడా రాయవు.

2013 నవంబర్‌లో అదే దీవి నుంచి 450 కోట్ల రూపాయల మంగళయాన్ బయలుదేరినప్పుడు, ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా అన్న పాత సామెత ఎన్నో భాషలలో వినిపించింది. అది అంగారక కక్ష్యలో చేరాక, 2014లో, న్యూయార్క్ టైమ్స్ ఒక కార్టూన్ వేసింది: సంపన్నుల అంతరిక్ష క్లబ్బు తలుపు తడుతున్న, ఆవును వెంటబెట్టుకొచ్చిన పల్లెటూరి మనిషి. పత్రిక తరువాత క్షమాపణ చెప్పింది. కోపగించుకున్న భారతీయులు చాలామంది గమనించని విషయం ఏమంటే, సారాభాయ్ వద్దన్న పోటీలోకి దేశం అప్పటికే అడుగుపెట్టింది. కార్టూన్ అవమానకరమే. కాని ఆవుతో వచ్చిన మనిషి కోసమే ఈ పని మొదలైందని గర్వంగా చెప్పుకోగల రోజులు కొన్ని ఉండేవి.

అమెరికాలో ఇప్పుడు సంచి మళ్లీ విప్పారు. నాసాకు ఇటీవలి దశాబ్దంలో సమాఖ్య వ్యయంలో అర శాతం కూడా రావడం లేదు. 2025లో ప్రభుత్వం ప్రతిపాదించిన బడ్జెట్టు నాసా విజ్ఞాన విభాగాన్ని దాదాపు సగానికి కోయమంది. తుపానులను, కరవులను, మంచు కరగడాన్ని కనిపెట్టి ఉండే ఉపగ్రహాలు కూడా ఆ కత్తెర కిందకే వచ్చాయి. అదే బడ్జెట్టు వైద్య పరిశోధనకు ఆధారమైన జాతీయ ఆరోగ్య సంస్థల పద్దులో దాదాపు 40 శాతం కోత అడిగింది. చంద్రుడి మీదికీ అంగారకుడి మీదికీ మనుషులను పంపే పద్దును మాత్రం పెంచమంది.